బడి వీధి దీపాలు

ఆ రసీదుని ఎన్నిసార్లు తిప్పి చూస్తావమ్మాయ్? అసలైనదే. పెట్టె కూడా దాచాను, అట్ట మూల కూడా నలగలేదు. మా ఆయన రిటైరైన నెలలో స్వయంగా షాపుకెళ్ళి, పూర్తి ధర పెట్టి కొన్నారు ఈ కంప్యూటరు ఆటని. అయినా అది మమ్మల్ని దొంగల కిందే జమకట్టింది.

పోనీ, నోరు తెరిచి దొంగా అన్నా బాగుండేది. అన్న మాటకి జవాబు చెప్పుకోవచ్చు.

ఆ స్టూలు లాక్కుని కూర్చో. తలుపు కాస్త దగ్గరికి వెయ్యి. పక్క గదిలో ఆయన మేలుకునే ఉన్నారు. పక్షవాతం మాటని పట్టుకుపోయింది గానీ చెవుల జోలికి పోలేదు.

పోయిన వారం నువ్వు చెప్పిన పాఠం అప్పజెబుతాను, తప్పుంటే దిద్దు. ఈ ఆట చేసినవాళ్ళు, కాపీ కొట్టేవాళ్ళని పట్టుకోడానికి లోపల ఒక కాపలా పెట్టారు. మనం మనిషిని ముక్కూ మొహం చూసి గుర్తుపట్టినట్టు, ఆ కాపలా కంప్యూటరుని లోపలి భాగాల్ని చూసి గుర్తుపడుతుంది. కంప్యూటరు లోపలి ఫ్యాను గోలకి ఆయనకి నిద్ర పట్టడం లేదని నేనే కదా నిన్ను పిలిచి, లోపలి బోర్డు మార్పించాను? దాంతో మొహం మారింది. ఎవరో ఆటని వేరే మెషిన్లోకి ఎత్తుకుపోయారనుకుంది. మళ్ళీ నమోదు చేయించుకుందామంటే, ఆ కంపెనీ నమోదు చేసే చోటే మూసేసి రెండేళ్ళయింది. ఇంతవరకూ సరేనా?

తలూపావుగా.

మరి అనుమానం వస్తే ఆట తెరుచుకోకూడదు గదా అని నేనడిగాను. నువ్వేమన్నావు? తెరవకపోతే దొంగ ఇంకో దారి వెతుక్కుంటాడు టీచర్, అందుకని లోపలికి రానిచ్చి, ఎందుకు పాడవుతోందో తెలియకుండా కొంచెం కొంచెంగా పాడుచేస్తుంది, అన్నావు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు ముద్ద దిగడం లేదు. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు ఇది విను.

ఆయన లైన్‌మన్ అని నీకు తెలుసుగా. ముప్పై ఏళ్ళు స్తంభాలెక్కి ఎవరెవరి వీధులకో వెలుగిచ్చారు. దిగిపోయాక ఈ ఆటలో తన సొంత ఊరు కట్టుకోవడం మొదలుపెట్టారు. పదకొండేళ్ళు కట్టారు. అందులో నాకని ఒక బడి కట్టి, ఆ బడి వీధికి నలభై దీపాలు పెట్టారు. మంచాన పడ్డాక రోజూ మధ్యాహ్నం మందులు వేశాక, తెరని ఆయన ముందుకి జరుపుతాను. ఆటలో పొద్దుగూకుతుంది. దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. ఆయన ఎడంచేతి వేలు దుప్పటి మీద తడుతూ లెక్కపెట్టుకుంటారు. అదే ఆయనకి మిగిలిన ఉద్యోగం.

బోర్డు మార్చిన మూడో రోజున వేలు ముప్పై తొమ్మిది దగ్గర ఆగింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టారు.

తర్వాత బడి తలుపులు మూసుకున్నాయి. ఆ ఊరి మనుషులు ఇళ్ళ ముందు సామాన్లు పెట్టుకుని, రోడ్డు చివరి దాకా నడిచి, మాయమైపోతున్నారు. ఎక్కడికో ఆట చెప్పదు. నిన్నటికి తొమ్మిది దీపాలు.

ఎదురింటి పళ్ళ డాక్టరుగారు ఆడేది ఇదే ఆటకి దొంగ కాపీ అని వీధంతటికీ తెలుసు. ఆటలో ఆ డాక్టరుగారి ఊరికి ఈమధ్యే రెండో రైల్వేస్టేషను వచ్చిందిట.

మా ఆయన ఏమనుకుంటున్నారో తెలుసా? ఆట పాడైందని కాదు, తన బుర్రే పాడైపోతోందని. మొన్న పలక మీద వంకరటింకరగా రాసి చూపించారు: "నాకే కనబడటం లేదా?"

ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి నిజం చెప్పమని నేర్పినదాన్ని, ఏమన్నానో విను. ఊరు చచ్చిపోతోందని చెప్పడానికి నోరు రాక, "నలభై ఉన్నాయండీ, సరిగ్గా చూడండి" అన్నాను.

ఆ తర్వాత ఆయన పలక ముట్టుకోలేదు. రెండు రోజులుగా గ్లాసు నోటి దగ్గర పెట్టినా పెదవులు విప్పడం లేదు. కళ్ళు మాత్రం ఆ తొమ్మిది దీపాల మీదే.

కాపలా తీసేసిన దొంగ కాపీలో ఈ ఊరి ఫైలు పెడితే దీపాలు మళ్ళీ వస్తాయని నువ్వు చెప్పావు. దొంగ సరుకు నా గడప తొక్కదన్నాను. నువ్వు నవ్వేసి, "మీరు మారలేదు టీచర్. నాకు చదువబ్బకే గదా ఈ స్క్రూడ్రైవరు పట్టుకున్నాను" అన్నావు.

అదీ, ఆ మాటే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఏడో తరగతి, అర్ధసంవత్సరం లెక్కల పరీక్ష. మూడో బెంచీలో నువ్వు, నీ పక్కన పోస్టుమాస్టరుగారి అమ్మాయి. ఇద్దరి పేపర్లలో ఒకే లెక్కలో ఒకే తప్పు. నువ్వే చూసి రాశావనుకున్నాను. పిలిచి అడగలేదు. అడిగితే ఏడుస్తావు, మీ అమ్మ వస్తుంది, పెద్ద గొడవ. అందుకని ఏడాది పొడుగునా నీ ప్రతి పేపర్లోనూ రెండేసి, మూడేసి మార్కులు తగ్గించుకుంటూ పోయాను. చిన్న గీత తప్పితే సగం కోసేదాన్ని. నువ్వు మొదట్లో పేపరు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చేదానివి. తర్వాత రావడం మానేశావు. ఇంకొన్నాళ్ళకి చెయ్యెత్తడం కూడా మానేశావు.

చూసి రాసింది ఆ రెండో పిల్లేనని మరుసటేడు దాని నోటనే విన్నాను. అప్పటికి నువ్వు వేరే సెక్షనుకి వెళ్ళిపోయావు. మార్కుల పుస్తకం నా బీరువాలోనే ఉంది. దిద్దలేదు. నీకు చెప్పలేదు.

లేవకు, ఒక్క మాట. నీకు చదువు అబ్బకపోవడం కాదు తల్లీ. నీ దీపాలు నేను ఆర్పాను.

అదుగో, తలుపు సందులోంచి చూడు, దుప్పటి మీద ఆయన వేలు. ఈసారి ఎనిమిది దగ్గరే ఆగింది. నీ సంచిలో ఆ దొంగ కాపీ డిస్కు ఉందని తెలుసు. పెడతావో, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోతావో, నిన్ను అడిగే నోరు నాకు లేదు. వీధి తలుపు తెరిచే ఉంది.