గంగాధర్ ఫోనెత్తాడు

రైసుమిల్లు హోరులో చెవులు పోగొట్టుకున్న మొగుణ్ణి వెంటబెట్టుకుని, ఆగిపోయిన పింఛను కోసం అప్పీలుకొచ్చిన దుర్గాశ్రీకి, బల్లవతల అప్పీళ్లు చూసే సుధాకర్‌గారి నవ్వు చూడగానే ఒళ్లు మండింది.

"మీ ఆయన ఫోనెత్తాడు కదమ్మా! చెవుడైతే ఎలా ఎత్తాడు?"

"జేబులో వణికితే ఎత్తారండీ."

"ఎత్తి, చెవి దగ్గర పెట్టుకున్నాడా లేదా?"

"పింఛను వాళ్ల నంబరు కదాని మర్యాదకి పెట్టుకున్నారండీ."

"ఫోన్లో మా కంప్యూటరు, వినబడితే ఒకటి నొక్కమంది. నొక్కాడు."

"వినబడకపోతే ఏం నొక్కాలో కూడా చెప్పిందాండీ?"

"ఎందుకు చెప్పదూ? రెండు నొక్కమంది."

"అబ్బో, ఎంత దయండీ మీ ఫోనుకి! అది ఆయనకెలా వినబడుద్దండీ?"

"కొత్త పద్ధతమ్మా. ఇదివరకు నెలల తరబడి తిరిగేవారు. ఇప్పుడు నిమిషంలో తేలిపోద్ది."

"తేలిపోయిందండీ. నా లేసు అల్లకం మీద నలుగురం బతుకుతున్నాం. డాక్టర్లు చెవుడని రాసిచ్చారు కదండీ?"

"డాక్టర్లు మనుషులమ్మా, పొరబడతారు. కంప్యూటరు పొరబడదు."

"చెవిటోళ్లకి ఫోన్లు చేస్తున్నారు. మరి చూపులేనోళ్లకి ఫొటోలు పంపుతున్నారాండీ?"

"అదింకా ట్రయల్లో ఉంది. ఏవయ్యా గంగాధర్, ఒకటే ఎందుకు నొక్కావు?"

"తెర మీద అంకెలొచ్చాయండీ. ఏదో ఒకటి నొక్కాలేమోనని, మొదట్లో ఉన్నదే నొక్కేశానండీ."

"చూశావా అమ్మా! అడిగింది అడిగినట్టు వినబడింది!"

"మీ మూతి చూసి చెప్పారండీ! కావాలంటే అటు తిరిగి పిలవండి, తెలుస్తుంది."

"సరే, పరీక్షే పెడదాం. నువ్వు మోచేత్తో పొడవకూడదు మరి."

"ఇదిగోండి, చేతులు కట్టేసుకున్నాను."

"గోడవైపు తిరిగాను. గంగాధర్! ... ఏవయ్యా గంగాధర్! ... మొగల్తూరు గంగాధర్!"

"..."

"చూశారాండీ? పక్కగదిలోవాళ్లు కూడా తొంగిచూశారు. ఈయన కదల్లేదు!"

"నిజమేనమ్మా. మూడుసార్లు పిలిచాను, పలకలేదు."

"అమ్మయ్య! మీ నోటితో మీరే అన్నారు. ఆ మాటే రాసేయండి బాబూ, మీ పిల్లలు చల్లగా ఉంటారు."

"ఆ మాటే రాస్తున్నాను. 'మూడుసార్లు పిలిచినా అప్పీలుదారు పలకలేదు. కనుక హాజరు కానట్టే లెక్క. అప్పీలు కొట్టివేయడమైనది.'"