కుంటి కుర్చీ లెక్క

భోజనాల బల్ల దగ్గర, కాలేజీలో కృత్రిమ మేధ పాఠాలు చెప్పే భర్త ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాడు. భార్య పళ్ళేలు సర్దుతోంది.

“నిన్న కూడా ఆ కుంటి కుర్చీ నాకే వేశావు. నీళ్ళన్నీ ఒళ్ళో ఒలికాయి.”

“మీరే కదా వచ్చి కూలబడ్డారు! వడ్రంగిని పిలవమంటే వినరు.”

“వడ్రంగెందుకు? నియమాలిస్తే కంప్యూటరు పజిల్ ఎలా విప్పుతుందో రేపు పిల్లలకి చెప్పాలి. మన బల్లే పజిల్. అమ్మ ఫ్యాను కింద కూర్చోదు. నాన్న ఫ్యాను కింద తప్ప కూర్చోడు. పాప నానమ్మ పక్కనుంటే కూరముక్కలన్నీ ఆవిడ పళ్ళెంలోకి తోసేస్తుంది. కుంటి కుర్చీ ఎవరికీ వద్దు.”

“తేలిందా మరి?”

“క్షణంలో! కుంటి కుర్చీ ఖాళీ.”

“ఐదుగురికి ఐదు కుర్చీలాయె. ఖాళీ ఎలా మిగిలిందండీ?”

“నలుగురమే కదా. నువ్వు వడ్డిస్తావుగా.”

“నన్నూ ఎక్కించండి.”

“ఎక్కించా... సమాధానం లేదంటోంది. ఎవరిదో ఒక నియమం సడలించాలి.”

“అత్తయ్యది?”

“అమ్మో! అలిగి అన్నం మానేస్తుంది.”

“మామయ్యది?”

“బల్లనే ఫ్యాను కిందకి లాగుతాడు.”

“పోనీ, మీ పేరు తీసేసి చూడండి.”

“నా పేరా?”

“చూడండి. ఏమందీ?”

“...వచ్చేసింది.”

అందరూ భోజనానికి చేరాక ఆమె మంచి కుర్చీ ఒకటి లాక్కుని కూర్చుని, గరిటె భర్త చేతికిచ్చింది.

“అత్తయ్యా, మామయ్యా, ఇవాళ్టి నుంచి వడ్డన మీ అబ్బాయిది. నేనన్నది కాదు, ఆయన కంప్యూటరే తేల్చింది.”