నలుగులో ఊడిన జుట్టు

రేపు పెళ్లి కావలసిన పిల్ల తలకు కొంగు చుట్టుకొని కౌల్ బజార్‌లోని బ్యూటీ పార్లర్‌కు వచ్చింది.

"అక్కా, మొన్న నువ్వు వేడి పెట్టి అతికించిన జుట్టు ఊడొస్తాండాది."

"అతుకులకు నూనె తగలకూడదని చెప్పినా కదమ్మా."

"నలుగు పెట్టేటప్పుడు కాబోయే అత్త గిన్నెడు నూనె నడినెత్తిన పోసి రుద్దింది. మూడు పాయలు ఆమె చేతిలోకే వచ్చినాయి."

"అయ్యో ప్రభువా. సొంత జుట్టని చెప్పుకొంటిరే, పెళ్లి నిలబడతాదా?"

"నేనూ అట్లే అనుకొన్నా. ఆమె మూడు పాయలనూ గమ్మున రవికలో దోపుకొనింది."

"ఏమనింది?"

"తనది సవరమని ముప్పై ఏండ్లుగా మామకు తెలీదంట. మనిద్దరం పార్లర్‌కు పోదాం పా అనింది."

"యాడుండాది ఆమె?"

"బయట ఆటోలో. ముందు తనకే అతికించాలంట."