ఇటలీకి బేతంచెర్ల పాలిష్

మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. బేతంచెర్లలో పాలిష్ ఫ్యాక్టరీల మోత ఒక్కసారిగా ఆగితే చెవుల్లోంచి ఏదో జారిపడిపోయినట్టుంటుంది. ఆ నిశ్శబ్దంలో ముందు వినపడేది సోమక్క టీకొట్టులో స్టవ్ చప్పుడు. దాని వెనకే శివకుమారి గొంతు. ఇరవై రెండేళ్లుగా బండలకు పాలిష్ పడుతున్న మనిషి. మోకాళ్ల దాకా తెల్ల బురద, చంకలో అట్ట చిరిగిన పుస్తకం. వస్తూ వస్తూనే మొదలుపెట్టింది.

"సోమక్కా, టీలో చక్కెర తగ్గించు. రేపు పొద్దున పది గంటలకు నాకు పరీక్ష ఉండాది, గొంతు జిగట కాకూడదు. ఏం పరీక్షనా? ఏమప్పా ఓబులేషూ, లారీ తోలుకుంటా దేశమంతా తిరుగుతావు, ఈ ముక్క నీకు తెలీదా? హైదరాబాదులో ఒక సంస్థోళ్లు ఈ కాలపు ఇటలీ గురించి ఏడాది చదువు పెట్టినారు. ఆ దేశం నవలలు చదివిస్తారు, సినిమాలు చూపిస్తారు, ఆ జనం ఎట్ల బతుకుతాండారో చెప్తారు. ఆదివారాలు, ఫోన్లోనే. డిగ్రీ గిగ్రీ అక్కర్లేదు. ఒక నవల గురించి, ఒక సినిమా గురించి పది నిమిషాలు మాట్లాడి మెప్పించాల, అంతే. ముప్పై సీట్లు, నాలుగొందల మంది అడిగినారు. అందులో ఒక సీటు నాది. మిగతా ఇరవై తొమ్మిదింటికి వాళ్లు కొట్టుకు చావనీ."

"ఏడో తరగతి తప్పినదానివి, ఇటలీ నీకెందుకక్కా?" అన్నాడు ఓబులేష్.

"ఎందుకా? మా యజమాని కట్టిన కొత్తిల్లు చూసినావా? ఆయన తాత, నాయన, ఆయన, ముగ్గురూ ఈ ఊరి బండలు అమ్మి బతికినోళ్లు. ఇల్లు కట్టేటప్పుడు హాల్లోకి ఇటలీ రాయి తెప్పించినాడు. మన బండలు యాడ పరిచినాడో తెలుసా? బర్రెల కొట్టంలో! గృహప్రవేశం రోజు నన్ను లోపలికి రానీలే, కాళ్లకు బురదుండాదంట. ఆ బురద యాడిది? ఆయన బండలదే కదా! అప్పుడే అనుకున్యా, మన రాయి కంటే గొప్ప రాయి ఉండే దేశంలో మనుషులు ఎట్లాంటోళ్లో నేను తేల్చుకోవాల అని. మరుసటిరోజే పోయి ఏసేపు సార్ని అడిగినా, ఇటలీ పుస్తకం ఉంటే ఇయ్యండి సార్ అని. అవునా కాదా సార్?"

బెంచీ చివర కూర్చున్న ఏసేపు సారు తలూపాడు. చర్చి బడిలో పిల్లలకు చదువు చెప్పి రిటైరై, ఇప్పుడు చర్చి వెనక గదిలో పుస్తకాలు చూసుకునే పెద్దాయన. ఒళ్లో గుడ్డసంచి. మాట తక్కువ.

శివకుమారి చంకలో పుస్తకం తీసి చూపించింది. "తెలుగులోకి మార్చిన నవలప్పా ఇది. అస్సుంత అని ఒక ఆడమనిషి, పాలరాతి గనిలో పని. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు పట్టుకుంటే నాలుగు రోజుల్లో అయిపాయ. నాలుగు రోజులంటే ఎక్కువ చెప్తాండా, రెండే. రెండోసారి అయితే ఒక చేత్తో బండ తిప్పుకుంటా ఇంకో చేత్తో పేజీ తిప్పుకుంటా చదివినా. ఇదొక్కటేనా? సార్ కాడ ఉండే ఇటలీ పుస్తకాలన్నీ ఊడ్చేసినా."

"నా కాడ ఉండేది ఈ ఒక్కటే," అన్నాడు సారు మెల్లగా.

"అందుకే కదా సార్ అంత తొందరగా ఊడ్చింది. సరే, ఆ పుస్తకంలో నాకు తెలిసిందేందో చెప్పనా? వాళ్లకూ ఒక రాయలసీమ ఉండాది! నవ్వొద్దు. దేశం అడుగున, దక్షిణాన. వానలుండవు, ఎర్రటి ఎండ, రాళ్లు. ఆడోళ్లు మొగోళ్లు సంచులు సర్దుకొని రైలెక్కి పైనుండే ఊర్లకు పోతారు ఫ్యాక్టరీల్లో కూలికి. ఆ పైనోళ్లు వీళ్ల యాస ఇని నవ్వుతారు. మన పిల్లోల్లు బెంగళూరు పోతే నవ్వరా? అదే కత. అస్సుంత కూడా ఆ దక్షిణపుదే."

"మరి సినిమాలు?" అంది సోమక్క, గ్లాసు అందిస్తూ.

"వస్తాండా, వస్తాండా. వాళ్ల దేశంలో యుద్ధం అయిపోయినాక తీసిన నలుపు తెలుపు సినిమాలుండాయి చూడు, వాటికి సెట్టింగులు లేవు. వీధిలోనే కెమెరా పెట్టినారు, దోవన పోయే కూలోణ్ణి పిలిచి నువ్వే హీరో అన్యారు. అవన్నీ నేను మాటలు లేకుండా చూసినా. ఎట్లంటావా? మన మిషన్ల మోతలో ఒకరి మాట ఒకరికి వినపడదు కదా, చేతుల్తోనే మాట్లాడుకుంటాం. పిడికిలి మీద పిడికిలి పెడితే ఏందర్థం?"

"బండ మిషన్ మీద ఉండాది, మధ్యలో ఆపమాకు అని," అంది సోమక్క. ఆమె కూడా ఒకప్పుడు ఆ మోతలో నిలబడినదే.

"ఆ! ఇటలీవోళ్లూ అంతే, నోటికంటే చేతులకే పని ఎక్కువ. ఇంక నాకు భాషెందుకు? సౌండు తీసేసి పోయిన ఆదివారం పొద్దున చర్చిలో మొదటి గంట కొట్టినాక మొదలుపెట్టి, రెండో గంట కొట్టేలోపు పదకొండు సినిమాలు చూసినా."

"మొదటి గంటకూ రెండో గంటకూ అరగంటే కదక్కా! ఒక సినిమానే రెండు గంటలుండదా?"

"అర్థం కానోళ్లకు రెండు గంటలప్పా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మన గనులు చూసేకి ఇటలీ నుంచి ఒక వ్యాపారి వచ్చినాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చెప్పులు. యజమాని ఇంగ్లీషు ఆయనకు తెలీదు, ఆయన ఇంగ్లీషు యజమానికి తెలీదు, ఇద్దరూ చెమటలు కక్కుతాండారు. నేను పోయి చేతుల్తో అందుకున్యా. వాళ్ల దేశపు నవల గురించి ఆయనకే చెప్పినా. ఆయన ఒక్క నవలా చదివినోడు కాదు పాపం. వాళ్ల దక్షిణం గురించి, ఆ రైళ్ల గురించి నేను చేతులు తిప్పి చెప్తాంటే, ఆ తెల్ల ప్యాంటుతో బురదలోనే కూలబడి ఏడ్చినాడు. మా అమ్మది ఆ ఊరే, నాకింత కాలం ఎవరూ చెప్పలేదే అని."

"అదీ చేతుల్తోనేనా?" అన్నాడు ఓబులేష్.

"ఏడ్చింది కండ్లతో. మధ్యలో అడ్డం రామాకు. ఆ నవల మీద నా అభిప్రాయం రాసిమ్మన్యాడు. కాయితం లేదు. ఎర్ర సుద్దతో బండ మీద రాసిచ్చినా. ఆ బండను ఏం చేసినాడనుకున్యారు? విమానంలో కిటికీ పక్క సీటు కొని కూర్చోబెట్టి తీసకపోయినాడు! రోములో ఒక పెద్ద చదువుల భవనంలో నేలకు పరిచినారు. ప్రొఫెసర్లు చెప్పులిడిచి, చుట్టూ తిరిగిపోతారు గానీ దాని మీద కాలు పెట్టరు. బర్రెల కొట్టంలో పరిచిన బండప్పా, అదే బండ!"

ఆ మాట దగ్గర శివకుమారి గ్లాసు ఎత్తింది. టీ ఒక గుక్క తాగి మళ్లీ అందుకుంది.

"ఆ బండ చదివి ఒక సినిమా డైరెక్టరు నాకు ఫోన్ చేసినాడు. అమ్మా, సినిమా విడుదలైపోయినాది గానీ చివర కుదర్లేదు, జనం హాల్లోనే కూర్చొనుండారు, ఏం చేయమంటావు అన్యాడు. చెప్పబోతాంటే మనకు కరెంటు పాయ, టవరూ పాయ. మూడు రోజులు! అంతవరకు ఆ జనం లేస్తే ఒట్టు. హాల్లోనే వండుకొని తిన్యారు, ఒక పెళ్లి కూడా చేసుకున్యారు. మూడో రోజు నేను చెప్పిన ముగింపు తెర మీద పడినాక లేచి, బేతంచెర్ల ఏ దిక్కునుండాదో అడిగి, ఈ దిక్కుకు దండం పెట్టినారు. అది ఇని వాళ్ల పాలరాతి కొండ సిగ్గుతో మసకబారిపోయినాది. కొండకు కొండ! ఎవరు తుడిచినా మెరుపు రాలే. చివరికి నేనే మిషన్ భుజాన పెట్టుకొని పోయి పాలిష్ పట్టి వచ్చినా."

సోమక్క నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఎప్పుడు పోయినావే? రోజూ నా కొట్టుకాడనే ఉంటివి!"

"మొన్న మంగళారం టీకి వచ్చినానా?"

"పంటి నొప్పి అంటివి."

"ఇటలీకి పోతాండా అంటే మీరంతా ఎంటపడరూ? అందుకే పన్ను అన్యా."

ఓబులేష్ నవ్వి నవ్వి బెంచీ మీద నుంచి జారాడు. కండ్లు తుడుచుకుంటూ, "రేపు ఆ పది నిమిషాలు ఇట్లనే మాట్లాడక్కా, నాలుగొందల మందినీ ఇంటికి పంపిస్తారు," అన్నాడు.

అప్పుడు ఏసేపు సారు గొంతు సవరించుకున్నాడు.

"శివకుమారమ్మా, రేపు వాళ్లు తప్పకుండా అడుగుతారు. చివర అస్సుంత ఏమైతాది?"

"ఏమైతాది సార్? యజమాని వచ్చి కాళ్ల మీద పడతాడు. గని రాసిచ్చేస్తాడు. అస్సుంత ఆ రాళ్లతోనే ఇల్లు కట్టుకొని, హాల్లో తను తీసిన రాయే పరుస్తాది. ఎవరు బురదకాళ్లతో వచ్చినా రండి రండి అంటాది."

"బాగుండాది," అన్నాడు సారు. గుడ్డసంచిలోంచి ఒక పాత కవరు తీశాడు. అందులోంచి పసుపుబారిన కాగితాలు, దారం ఊడినవి, ఒక కట్ట. "నీకు పుస్తకం ఇచ్చిన రోజే ఈ చివరి నలభై పేజీలు కుట్టు ఊడి నా బల్ల మీద పడిపోయినాయి. తిరిగి కుట్టిద్దామని కవర్లో పెట్టినా. ఆడికొచ్చినాక నువ్వే పరిగెత్తుకొని వస్తావు, సార్ మిగతాది యాడ అని అడుగుతావు అనుకున్యా. మూడు నెలలాయ. దినామూ ఈ సంచి మోసుకొనే తిరుగుతాండా."

నవ్వడానికి నోరు తెరిచిన ఓబులేష్ మూసుకున్నాడు.

శివకుమారి ఒళ్లో పుస్తకాన్ని బోర్లా పెట్టింది. మళ్లీ తిప్పింది. ఒకచోట పేజీ మడత బాగా నలిగి, దాని మీద తెల్లటి వేలిముద్ర ఎండిపోయి ఉంది.

"నూట పన్నెండు," అంది. గొంతులో పాలిష్ ఏమీ లేదు. "అంతవరకే. ఆడ అస్సుంతకు దగ్గొస్తాది సార్. కూతురు చూస్తాదని మొహం పక్కకు తిప్పుకొని, పావడ అంచు నోటికి అడ్డం పెట్టుకుంటాది. మా అమ్మ కూడా అంతే. మంగంపేట ముగ్గురాయి గనిలో చేసేది. కొంగులో దగ్గి, కొంగు మడిచి, ఏమీ లేనట్టు నాకు జడేసేది. ఆ పేజీ మీద చెయ్యి పెట్టినా గానీ తిప్పలే. తిప్పకపోతే అస్సుంత బతికే ఉంటాది కదా అనుకున్యా. తర్వాతిదంతా నేనే కట్టుకుంటా వచ్చినా. రోజుకొకటి."

"మరి రేపు?" అంది సోమక్క.

"రేపు వాళ్లకు ఆ కొండ కత చెప్పేదా?" శివకుమారి తనని తానే తిట్టుకున్నట్టు అంది. చెయ్యి చాపింది. "ఇయ్యండి సార్. చచ్చిపోతాదా?"

"అది నేను చెప్పను. చదువు."

కాగితాలు తీసుకుంది. చేతికున్న తెల్ల బురద చూసుకుని, ముందు వాటిని ఓబులేష్ చేతిలో పెట్టి, సోమక్క బక్కెట్లో మోచేతుల దాకా కడుక్కుని, పైటతో తుడుచుకుని, మళ్లీ తీసుకుంది. పక్కన పేర్చి ఉన్న బండల దొంతి మీద ఎక్కి కూర్చుంది. పుస్తకం తెరిచి, వేలితో నలిగిన మడత సాపు చేసింది. పేజీ తిప్పింది.

కరెంటు వచ్చింది. వరసగా మిషన్లన్నీ అందుకున్నాయి. ఇక ఒకరి మాట ఒకరికి వినపడదు. ఓబులేష్ ఏదో అడిగాడు, పెదాలు మాత్రం కదిలాయి. ఆమె తలెత్తలేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర సూపర్‌వైజరు దేవేంద్రప్ప నిలబడి రెండు చేతులూ ఊపాడు, రమ్మని. మళ్లీ ఊపాడు, ఈసారి కోపంగా.

శివకుమారి పుస్తకం ఒళ్లో తెరిచే ఉంచి, కండ్లు అక్షరాల మీద నుంచి తీయకుండానే, చేతులు పైకెత్తి పిడికిలి మీద పిడికిలి పెట్టింది.