పన్నెండో చెయ్యి

హలో… ఆ, నేనే అక్కా. మిస్డ్ కాల్ ఇచ్చింది నేనే.

లేదు, ఎవరికీ దెబ్బలు తగల్లేదు… కొట్టుకోలేదు కూడా. అందరూ బుద్ధిగా కూర్చున్నారు. అదే నాకు భయంగా ఉంది.

నీ కాలు ఎలా ఉంది? కట్టు ఎప్పుడు విప్పుతారట?… ఇంకా మూడు వారాలా.

అమ్మ పక్కనే ఉందా? అయితే ఫోను అమ్మకి ఇవ్వకు. ఇంటికి ఎవరైనా వస్తే తలుపు చాటుకి వెళ్ళే పిల్ల నీ బదులు పన్నెండు మంది పిల్లల్ని ఏం చూస్తుంది అని ముందే అంది. అమ్మ మాటే నిజమైందని ఇప్పుడు ఆవిడకి తెలియక్కర్లేదు.

మెట్ల మీద ఉన్నాను. కింద ప్రింటింగ్ ప్రెస్సులో మిషన్ నడుస్తోంది, ఆ చప్పుడే నీకు వినపడేది… గట్టిగా మాట్లాడలేను. తలుపు అవతలే మన క్లాసు పిల్లలు. కళ్ళు మూసుకుని ఉన్నారు.

పన్నెండు మందీ… ప్రార్థన కాదక్కా, ఓటింగు. నువ్వు నేర్పిందేగా. ఎవరి మొహం చూసి ఎవరూ జంకకూడదని, కళ్ళు మూసుకుని చేతులెత్తడం. ఎత్తారు. లెక్కపెట్టాను. దించమన్నాను. కళ్ళు తెరవమనే మాట మాత్రం నోట్లోంచి రాలేదు. ఇట్లా బయటికొచ్చేశాను.

ఐదు నిమిషాలు అయ్యుంటుంది… నవ్వకు. తలుపు సందులోంచి చూస్తే కవలలిద్దరూ అప్పుడే ఒకరినొకరు గిల్లుకుంటున్నారు.

దేని మీదంటే… ఆదివారం పిల్లల అమ్మానాన్నలు వస్తారుగా, ఆ కథ చదవడం గురించి. తలా ఒక వాక్యం పంచి ఇచ్చావు చూడు. అందులో మన ఇస్త్రీ ఆవిడ కూతురు… ఆ, తనే. మాట దగ్గర ఆగిపోతుంది కదా. నువ్వున్నప్పుడు ఎలాగో చదివేదట. ఈ మూడు రోజులూ తన వాక్యం వచ్చేసరికి బండి అక్కడే ఆగిపోతోంది. మొదటి రోజు పిల్లలు నవ్వారు. ఇప్పుడు నవ్వడం లేదు, నిట్టూరుస్తున్నారు. నవ్వే నయం అనిపిస్తోంది.

లేదక్కా, వెక్కిరించలేదు. ఒట్టు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అట్లా అని ఉంటే నేను కనీసం కళ్ళెర్ర చేసేదాన్ని కదా.

ఈ వారం లీడరు రిబ్బన్ల పిల్ల… అవును, బంగారు తల్లి. దాన్నేమీ అనడానికి లేదు. నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. అందరికీ ఇబ్బందిగా ఉంది కదా, మనలో మనమే గొణుక్కునే బదులు అందరినీ అడిగి తేల్చుకుందామా అని. నేను తలూపాను. నేనెప్పుడు ఊపలేదు చెప్పు.

తర్వాతా… నీ పద్ధతే. గుండ్రంగా కూర్చోబెట్టింది. మనిషికి ఒక నిమిషం, గోడ గడియారం చూసి. ఎవరి నిమిషం వాళ్ళది, మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. మిగతా పిల్లలందరూ చెప్పారు. తనని ఊరికే తీసెయ్యద్దని, కుర్చీలు వేసే పని ఇద్దామని ఒకడన్నాడు. అది మంచి మాటేనని మిగతావాళ్ళు అన్నారు. ఆఖర్న తన వంతు వచ్చింది.

లేచి నిలబడింది.

‘నా’ అంది…

అంతే. ‘నా’ దగ్గరే ఉండిపోయింది. మెడ నరాలు బిగుసుకున్నాయి. పక్కన ఎవరో కదిలితే రిబ్బన్ల పిల్ల వేలు చూపించి ఆపింది, వాళ్ళ వంతు కాదు అన్నట్టు. చూడు ఎంత న్యాయమో. గడియారం వంక చూస్తూ నిలబడింది. అరవై అవగానే, "నీ నిమిషం అయిపోయింది, థాంక్స్, కూర్చో" అంది. కసురుకోలేదు. తను కూర్చుంది.

అదేనక్కా నేననేది. నువ్వు నేర్పినట్టే చేశారు, ఒక్క పొల్లు పోలేదు. తప్పెక్కడుందా అని వెతుకుతుంటే పట్టుకోవడానికి నాకు కొస దొరకడం లేదు.

నేనా… ఆ నిమిషంలోనా?

కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. సుద్దముక్కని గోటితో గీకుతున్నాను… అవును. చూస్తూనే ఉన్నాను.

తెలుసు. ఒక నిమిషం తనకి చాలదని నేను అనొచ్చు. ఐదు మాటలు కూడా ఉండవు. నాకు ఏ మాటైనా ముందు కాగితం మీద రావాలి, ఆ తర్వాతే నోట్లోకి. అప్పటికి సెకన్ల ముల్లు పన్నెండు దాటేసింది. తనకంటే మాట ఆగిపోతుంది. నాకేం రోగం?

ఓదార్చకు… ఓదార్చకు అంటున్నానా. అసలు సంగతి ఇంకా చెప్పలేదు.

తను చదవకుండా కుర్చీల పని చూసుకుంటే మంచిదనుకునేవాళ్ళు చేతులెత్తండి అంది రిబ్బన్ల పిల్ల. ఎత్తారు.

పన్నెండు.

లేదు, సరిగ్గానే లెక్కపెట్టాను. రెండుసార్లు… మొత్తం ఎంతమందా? పన్నెండు మందే అక్కా.

తన చెయ్యా?

అవును. తనది కూడా. అందరికంటే ముందు ఎత్తింది. మోచెయ్యి వంచకుండా, నిటారుగా. మిగతావాళ్ళు కాస్త ఆగి, అనుమానంగా, చెవి దాకానే ఎత్తారు. కవలల్లో చిన్నది ఒకసారి దించి మళ్ళీ ఎత్తింది. తను మాత్రం దించలేదు. అందరి కళ్ళూ మూసే ఉన్నాయి కాబట్టి నేనొక్కదాన్నే చూశాను. ఇప్పుడు దాన్ని నేనేం చేసుకోను?

రద్దు చెయ్యనా… చెయ్యొచ్చు. చేస్తే రేపటి నుంచి వాళ్ళు చేతులెందుకెత్తుతారు? మనకి నచ్చితే ఓటు, నచ్చకపోతే రద్దు అనుకోరా. రిబ్బన్ల పిల్ల నా మొహంలోకి చూసి అడుగుతుంది, మేమేం తప్పు చేశాం అని. ఏం చెప్పను దానికి?

తన చెయ్యి కూడా లేచిందని చెప్తే వాళ్ళే సిగ్గుపడతారేమో… కానీ అది చెప్పకూడదనే కదా కళ్ళు మూయించేది. చెప్తే తనని అందరి ముందూ నిలబెట్టినట్టే. చెప్పకపోతే, చూశారా, ఎవరూ అడ్డు చెప్పలేదు అనుకుంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నువ్వొచ్చి చెప్పు… తెలుసులే, కాలు కింద పెట్టలేవు. ఊరికే అన్నాను.

నీకూ తెలియదా?

అట్లా అనకు అక్కా. నీకు తెలిసే ఉంటుందనే కదా ఫోన్ చేసింది… పోనీ తను చదివేటప్పుడు పక్కన కూర్చుని ఏం చేసేదానివో అదైనా చెప్పు. ఏమన్నా మంత్రం చదివేదానివా?

ఏమీ చేసేదానివి కాదా… ఊరికే కూర్చునేదానివి. గడియారం వైపు వీపు పెట్టి.

మరి ఆ సంగతి పిల్లలకెప్పుడైనా చెప్పావా?… లేదా. నాకూ చెప్పలేదు. నిమిషం పద్ధతి ఒక్కటీ చెప్పి వెళ్ళావు. మేం అదే పట్టుకున్నాం.

నిన్ను అనడం లేదక్కా. ఏడవకు. అమ్మ చూస్తుంది.

ఆగు… లోపలి నుంచి రిబ్బన్ల పిల్ల పిలుస్తోంది. కళ్ళు తెరవొచ్చా అని అడుగుతోంది. పాపం, ఇంకా మూసుకునే ఉన్నారు.

ఇంకొంచెం ఉండమన్నాను.

ఎందుకో నాకేం తెలుసు. తెరిస్తే ఎంతమంది అని అడుగుతారు కదా.

అక్కా, తలుపు… తనే. వచ్చేస్తోంది. సంచి భుజానికి తగిలించుకుంది.

లేదు, ఏడవడం లేదు. చెప్పులు కూడా వేసుకోలేదు. ఒట్టి కాళ్ళతో రెండు మెట్లు దిగి నా ముందు నిలబడింది. నాకేదో చెప్పాలని చూస్తోంది.

నోరు తెరిచింది…

మాట ఇంకా రాలేదు. మళ్ళీ మొదలుపెట్టింది.

నువ్వు పెట్టెయ్యి అక్కా, లైన్లో ఉండకు. ఎంతసేపు పడుతుందో తెలియదు. ఊఁ. ఫోను పక్కన పెట్టేస్తున్నాను.

రా తల్లీ, కూర్చో… ఇటు, మెట్టు మీద.