తలుపు మీది నంబరు

పొద్దున మబ్బు కమ్మింది గాని చినుకు రాలలేదు. తాండూరులో బుచ్చయ్య తన తలుపు మీది ఇంటి నంబరుకు సున్నం పూస్తుంటే బిడ్డ అనూష చూసింది.

"గిదేంది నాయినా?"

"నాపరాళ్ల గనుల దుమ్ము గురించి నువ్వు ఫోన్ల పోస్టు రాసినవని ఎవడో బెదిరించిండు గద. వానికి మన ఇంటి ఐపీ నంబరు దొరికిందట."

"గది గీ నంబరు గాదు, ఇంటర్నెట్‌ది. దాంతోని వానికి ఊరు దాకనే తెలుస్తది, గదీ ఒక్కోసారి తప్పే. నువ్వు సున్నం పూస్తే పోస్ట్‌మ్యాన్ పరేషానైతడు."

"మరి ఇల్లు దొరకదా?"

"దొరికితే ఫొటోతోనే దొరకాలె. మన గడప కనబడేది నేనే పెట్టిన. గది తీసేసిన. వైఫై పాస్‌వర్డు గూడ మార్చిన."

"రాసుడు బంద్ పెడ్తవా?"

"పెట్టుమంటవా?"

బుచ్చయ్యకు ఆ దుమ్ముతో పట్టిన దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక తడిగుడ్డతో సున్నం తుడిచాడు.

"రాయి బిడ్డా. ముందుగాల తిను."

ఇద్దరూ ఒకే పళ్లెంలో జొన్నరొట్టె తుంచుకుని తిన్నారు.