ఫోన్ తీగకు వెలిగిన బల్బు

టెలిఫోన్ పెట్టె వెనక నుంచి సన్నటి తీగ మంచం దాకా పాకి, పట్టపగలు చిన్న బల్బును వెలిగిస్తోంది. ఫోన్ రిపేరుకు వచ్చిన లైన్‌మన్‌కి ఒళ్ళు మండింది.

"ఏంటమ్మా ఈ పని? ఇది దొంగతనం కాదూ?"

"బిల్లు కట్టలేదని కరెంటు వాళ్ళు తీగ కోసేసి పోయారు నాయనా. మంచాన పడ్డ మనిషిని చీకట్లో ఎలా ఉంచను? మా ఆయనే ఎలా కలపాలో చెప్పి నాచేత కలిపించాడు."

"బల్బు వెలిగినంతసేపూ మీరు రిసీవర్ ఎత్తి పక్కన పెట్టినట్టే. ఎవరు చేసినా ఎంగేజ్ వస్తుంది."

"తెలుసు. తెల్లారగానే తీసెయ్యమనేవాడు."

లైన్‌మన్ మంచం వైపు చూశాడు. దుప్పటి మడతపెట్టి ఉంది.

"ఆయనేరీ?"

"నిన్న ఆస్పత్రిలో చేర్చాం. నన్ను ఉండనివ్వలేదు. ఏదైనా అయితే ఫోన్ చేస్తామన్నారు."

అతని గొంతు తగ్గిపోయింది. "కంప్లైంటు ఇచ్చింది ఆ ఆస్పత్రివాళ్ళేనమ్మా. పొద్దుట్నుంచీ ఎంత చేసినా మీ ఫోన్ కలవట్లేదట."

"అనుకున్నాను."

అతను తీగ ఊడదీయడానికి వంగాడు. ఆమె గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

"ఇంకాసేపు ఉండనీ నాయనా. అది తీస్తే ఫోన్ మోగుతుంది."